పాత బేస్ ఆంప్: ఏ శబ్దం వస్తే ఏం పోయినట్టు, ఎలా బాగు చేయాలి

పాత ఆంప్ చేతికి రాగానే ప్లగ్ పెట్టి ఆన్ చేసి ఒక మీటు మీటి చూడాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, కానీ అదొక్కటి ఆపుకోండి. ఏళ్ల తరబడి మూలన పడున్న ఆంప్‌ని ఒక్కసారిగా ఫుల్ కరెంట్‌తో లేపితే లోపల ఎండిపోయిన కెపాసిటర్ షార్ట్ అయిపోయి, దాంతోపాటు అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. కెపాసిటర్లు మళ్ళీ వేసుకోవచ్చు, ఒరిజినల్ ట్రాన్స్‌ఫార్మర్ పోతే మాత్రం ఆంప్ విలువ సగం పోయినట్టే.

అందుకే బల్బ్ టెస్టర్ కట్టుకోండి. పాతకాలం ఫిలమెంట్ బల్బ్, 60 లేదా 100 వాట్లది, ఆంప్‌కి వెళ్ళే లైవ్ వైరుకి సిరీస్‌లో పెడతారు (ఎల్ఈడీ బల్బ్ పనికిరాదు). ఆన్ చేయగానే బల్బ్ ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారితే పర్లేదు, వెలుగుతూనే ఉండిపోతే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఆంపెగ్ ఎస్‌విటి లాంటి పెద్ద వాటికి ఈ లెక్క కొంచెం మారుతుంది, ఆరు అవుట్‌పుట్ ట్యూబుల (స్పీకర్‌ని నడిపే పెద్ద గాజు వాల్వులు) హీటర్లే బోలెడు కరెంట్ తాగేస్తాయి కాబట్టి బల్బ్ ఎలాగూ వెలుగుతుంది, అక్కడ అవుట్‌పుట్ ట్యూబులు పీకేసి టెస్ట్ చేయాలి.

ఇంకో మాట. ప్లగ్ పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో 400 ఓల్టులు నిలబడి ఉండొచ్చు, ఎస్‌విటిలో అయితే 700 దాకా. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఇది అలవాటు లేకపోతే కింద చెప్పిన వాటిలో బయటి నుంచి చేసేవి మీరు చేసుకోండి, మూత తీసేవి టెక్నీషియన్‌కి ఇవ్వండి, కనీసం ఏం అడగాలో తెలిసి ఇస్తారు.

తీగలు ముట్టుకుంటే జిల్లుమంటోంది

పాత అమెరికన్ ఆంప్‌లకి రెండు పిన్నుల వైరే ఉండేది, ఎర్త్ లేదు. హమ్ (ఆగకుండా గుయ్‌మనే మోత) తగ్గించడానికని ఒక కెపాసిటర్‌ని మెయిన్స్ లైన్ నుంచి చాసిస్‌కి, అంటే ఆంప్ లోపలి లోహపు డబ్బాకి కలిపేవాళ్ళు, ప్యానెల్ మీద గ్రౌండ్ స్విచ్ అని ఉంటుందే, అది దీనికోసమే. ఆ కెపాసిటర్ షార్ట్ అయితే మెయిన్స్ కరెంట్ నేరుగా చాసిస్‌కి, అక్కడి నుంచి కేబుల్ మీదుగా మీ తీగలకి వస్తుంది. దీనికి టెక్నీషియన్లు పెట్టుకున్న పేరు డెత్ క్యాప్.

పరిష్కారం ఒకటే. మూడు పిన్నుల వైరు వేయించి, ఎర్త్‌ని చాసిస్‌కి గట్టిగా బిగించి, ఆ కెపాసిటర్ తీసేయించి, ఫ్యూజ్, స్విచ్ లైవ్ వైపు ఉండేలా మార్పించాలి. దీనివల్ల పాతదనం పోతుందని బాధపడేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకండి. హమ్ వస్తోందని ఎర్త్ పిన్ పీకేసే మహానుభావుల మాట అసలే వినకండి.

మీ ఇంట్లో కరెంట్ 230 ఓల్టులై ఆంప్ వెనక 117 అని రాసుంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కూడా ఆంప్ తీసుకునే వాట్ల కంటే బాగా ఎక్కువ కెపాసిటీది.

వాయించకపోయినా హమ్

ఎక్కువమంది ఇక్కడే డబ్బులు తగలేస్తారు, హమ్ అనగానే ట్యూబులన్నీ మార్చేస్తారు. ముందు వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పండి. హమ్ పోయిందా, అయితే గొడవ నాబ్‌కి ముందుంది, అంటే గిటార్, కేబుల్, లేదంటే మొదటి ప్రీఆంప్ ట్యూబ్ (గిటార్ సిగ్నల్‌ని ముందుగా పెంచే చిన్న ట్యూబ్). సున్నాలో కూడా అలాగే ఉందా, అయితే నాబ్ తర్వాత, మామూలుగా పవర్ సప్లై వైపు.

తర్వాత ఆ హమ్ ఏ స్వరంలో ఉందో వినండి, మనం బేస్ వాయించేవాళ్ళం కాబట్టి ఇది మనకి సులువు. 50 హెర్ట్జ్ కరెంట్ ఉన్నచోట ఇ తీగ మూడో ఫ్రెట్‌కి దగ్గరగా వినిపిస్తే అది 50 హెర్ట్జ్ హమ్, అంటే ఎర్త్ లూప్, షీల్డ్ తెగిన కేబుల్, హీటర్ వైరింగ్ లాంటివి. ఓపెన్ జి తీగకి దగ్గరగా ఉండి కొంచెం బరబరమంటుంటే అది 100 హెర్ట్జ్, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) దాటాక వచ్చే హమ్, అంటే ఆ డీసీని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయి. 60 హెర్ట్జ్ కరెంట్ ఉన్న దేశాల్లో ఇవే ఎ తీగ రెండో ఫ్రెట్, జి తీగ నాలుగో ఫ్రెట్ దగ్గర పడతాయి. అవుట్‌పుట్ ట్యూబుల జత ఒకదానికొకటి సరిపోకపోయినా ఈ రెండో రకం హమ్ వస్తుంది, కాబట్టి కెపాసిటర్లు ఆర్డర్ పెట్టే ముందు జత మార్చి ఒకసారి చూడండి.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ మామూలుగా పదిహేను ఇరవై ఏళ్ళకే ఎండిపోవడం మొదలవుతుంది. 1960ల ఆంప్‌లో ఒరిజినల్ ఫిల్టర్ కెపాసిటర్లే ఇంకా ఉన్నాయని అమ్మేవాడు గొప్పగా చెప్తుంటే, నవ్వి ఊరుకుని, వాటిని మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

హమ్ లేకుండా కూడా ఇవి దొరికిపోతాయి. కింది స్వరాలు గట్టిగా మీటితే మెత్తగా జావలా రావడం, అసలు స్వరం కింద ఇంకో అపస్వరం దెయ్యంలా వినపడటం, వాల్యూమ్ పెంచితే పడవ మోటర్ లాగా డుగుడుగుమనడం, ఇవన్నీ వీటి పనే. గిటార్ ఆంప్ కంటే బేస్ ఆంప్‌లో త్వరగా బయటపడతాయి, ఎందుకంటే కింది స్వరాలకి కావాల్సిన కరెంట్ అంతా ఆ కెపాసిటర్లే అందించాలి.

నాబ్ తిప్పితే గరగర

డియాక్సిట్ లాంటి కాంటాక్ట్ క్లీనర్ కొంచెం కొట్టి, నాబ్‌ని ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి, తొంభై శాతం అక్కడే పోతుంది.

మిగతా పది శాతం నన్ను నెల రోజులు ఏడిపించింది. క్లీన్ చేస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ గరగర, మళ్ళీ క్లీనర్, చివరికి నాబ్ వెనకుండే పాట్ కూడా కొత్తది వేశాను, దానికీ అదే రోగం. తీరా మీటర్ పెట్టి చూస్తే పాట్ మీద డీసీ ఓల్టేజీ ఉంది, ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (సిగ్నల్‌ని దాటించి డీసీని ఆపేది) లీకవుతోంది. అది మార్చాక మళ్ళీ ఆ నాబ్ నోరెత్తలేదు. పీకేసిన పాట్‌లో ఏ దోషమూ లేదు పాపం.

ముట్టుకోకపోయినా చిటపట, కుయ్‌మని కూత

ఆన్‌లో ఉండగా పెన్సిల్ రబ్బరు వైపుతో ఒక్కో ప్రీఆంప్ ట్యూబ్‌ని మెల్లగా తట్టండి. మిగతావాటి కంటే బాగా గట్టిగా స్పీకర్‌లో టంగుమనేది మైక్రోఫోనిక్ అయినట్టు, అంటే మైక్‌లా తన కుదుపుని తానే వినిపిస్తోంది, అదొక్కటి మార్చండి చాలు. ఏ ట్యూబ్ మార్చినా చిటపట పోలేదంటే పాత కార్బన్ రెసిస్టర్లని అనుమానించాలి, ముఖ్యంగా ప్రీఆంప్ ట్యూబుల ప్లేట్‌కి కట్టిన 100 కిలో ఓమ్స్‌వి.

ట్యూబ్ ఎర్రగా కాలుతోంది

లోపల ఫిలమెంట్ నారింజ రంగులో వెలగడం మామూలే, గాజు మీద నీలం కాంతి కనపడినా భయం లేదు. లోపలి బూడిదరంగు ప్లేట్ ఎర్రబడితే మాత్రం వెంటనే ఆఫ్. ట్యూబ్‌కి అందాల్సిన నెగటివ్ బయాస్ (దానిలో కరెంట్‌ని అదుపులో ఉంచే ఓల్టేజీ) అందట్లేదు, లేదా ట్యూబే పాడైంది. చల్లారాక దాన్ని పక్క సాకెట్‌లోకి మార్చి ఒక్క నిమిషం చూడండి. ఎరుపు ట్యూబ్‌తో పాటే వెళ్తే ట్యూబ్ తప్పు, పాత సాకెట్ దగ్గరే ఉండిపోతే సాకెట్ గానీ, దానికి వచ్చే కప్లింగ్ కెపాసిటర్ గానీ, బయాస్ సర్క్యూట్ గానీ.

ఎస్‌విటి కొనేవాళ్ళకి ఒక మాట, 1969లో వచ్చిన మొదటి వాటిలో 6146బి ట్యూబులు ఉండేవి, తర్వాత 6550కి మార్చారు. ఒకదాని చోట ఇంకొకటి నేరుగా పెట్టేవి కావు ఇవి, కాబట్టి ట్యూబులు కొనే ముందు మీది ఏదో చూసుకోండి. ఆరూ ఒకేసారి మార్చాల్సి వస్తే జేబుకి పెద్ద చిల్లే, ఆంప్ ధరలో ఆ లెక్క కూడా వేసుకోవాలి.

ఫ్యూజ్ ఆగట్లేదు

పెద్ద ఫ్యూజ్ వేయకండి, సిల్వర్ పేపర్ చుట్టడం లాంటివి అసలు వద్దు. అవుట్‌పుట్ ట్యూబులు పీకి చూడండి, ఫ్యూజ్ నిలబడితే తప్పు ట్యూబులదో బయాస్‌దో. ఇంకా పోతుంటే, రెక్టిఫయర్ ట్యూబ్ ఉన్న ఆంప్ అయితే అదీ పీకండి. ఇప్పుడు నిలబడితే ఆ ట్యూబ్ గానీ, ఫిల్టర్ కెపాసిటర్లు గానీ. అన్నీ పీకేసినా పోతోంది, కాలిన వార్నిష్ వాసన కూడా వస్తోంది అంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టే. కొనకముందే ఇది తెలిస్తే దండం పెట్టి వచ్చేయండి.

అసలు శబ్దమే లేదు

ముందు స్పీకర్ కేబుల్. గిటార్ కేబుల్‌ని స్పీకర్‌కి వాడి ఆంప్ పోయిందనుకున్నవాళ్ళు చాలామంది. తర్వాత 1.5 ఓల్ట్ బ్యాటరీ తీసుకుని స్పీకర్ వైర్లకి ఒక్క క్షణం ఆనించండి, టప్‌మని కోన్ కదిలితే స్పీకర్ బతికే ఉంది. మీటర్‌తో చూస్తే 8 ఓమ్స్ స్పీకర్ ఆరు దగ్గర చూపిస్తుంది, అది మామూలే.

ట్యూబ్ ఆంప్‌ని స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి స్పీకర్ లేకపోయినా ఫర్వాలేదు, షార్టే దాని చావు. ట్రాన్సిస్టర్ ఆంప్ ఆన్ చేయగానే కోన్ ముందుకో వెనక్కో తోసుకుపోయి అక్కడే ఆగిపోతే డీసీ వస్తోంది, స్పీకర్ వెంటనే పీకేయండి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయ్యుంటుంది.

ఇందులోనే ఒక వింత కేసు, అకౌస్టిక్ అనే కంపెనీ వాళ్ళ 360. హెడ్ (స్పీకర్ లేని పెట్టె) ఒక్కటే కొని వేరే క్యాబినెట్‌కి పెడితే ఏమీ వినపడదు, చచ్చిందని పీకి పోగులు పెడతారు. అందులో ఉన్నది ప్రీఆంప్ మాత్రమే, పవర్ ఆంప్ దాని జత అయిన 361 క్యాబినెట్‌లో ఉంటుంది. విడిగా ఒక పవర్ ఆంప్ పెడితే హెడ్ హాయిగా పాడుతుంది.

కింది స్వరాల్లో స్పీకర్ పిర్రుమంటోంది, గిలగిల కొట్టుకుంటోంది

ముందు స్క్రూలు, బోల్టులు, హ్యాండిల్, వెనక ప్యానెల్ అన్నీ బిగించండి, సగం గిలగిల అక్కడే పోతుంది. తర్వాత కోన్‌ని రెండు చేతులతో సమానంగా మెల్లగా నొక్కండి, గీసుకున్నట్టు తగిలితే వాయిస్ కాయిల్ రుద్దుకుంటోంది, రీకోన్ చేయించాలి, అంటే కోన్, కాయిల్ కొత్తవి వేయించాలి.

రెండూ కాకపోతే తప్పు ఆంప్‌ది కాకపోవచ్చు. 1960లో వచ్చిన ఆంపెగ్ బి-15 ముప్పై వాట్ల లోపుది, నాలుగు తీగల బేస్ కోసం చేసింది. దానికి యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉన్న) ఐదు తీగల బేస్ పెట్టి 31 హెర్ట్జ్ లో-బి మీటితే ఆ పదిహేను అంగుళాల స్పీకర్ ఏం చేస్తుంది. బేస్ నాబ్ తగ్గించండి, లేదా మైక్ పెట్టి పెద్ద సిస్టమ్‌లోకి పంపండి.

స్పీకర్ ఒరిజినలో కాదో కూడా అప్పుడే చూసేయండి. ఫ్రేమ్ మీద అంకెలుంటాయి, 220తో మొదలైతే జెన్సన్, 465 ఆక్స్‌ఫర్డ్, 137 సీటీఎస్, 67 ఎమినెన్స్, ఆ తర్వాతవి సంవత్సరం, వారం. 1376914 అంటే సీటీఎస్ వాళ్ళు 1969లో 14వ వారం చేసిందని. సంవత్సరానికి ఒక్క అంకే ఉంటే 9 అంటే 1959 కావచ్చు 1969 కావచ్చు, మిగతా పార్టులతో పోల్చుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద 606 ఉంటే షుమాకర్, దానికీ అదే లెక్క. రెండింటి తేదీలూ కొన్ని నెలల తేడాలో ఉంటే మంచి గుర్తు.

రిపేర్‌లో తీసిన పాత పార్టులన్నీ కవర్లో వేసి క్యాబినెట్ వెనక పెట్టుకోండి, రేపు మీరు అమ్మితే కొనేవాడు అడుగుతాడు. డెత్ క్యాప్ ఒక్కటి మాత్రం చెత్తబుట్టలోకే.