తొట్టె చూసి పొట్ట తెలుసుకోవడం (పిల్లి పెంపకం: మూడో పాఠం)

పిల్లిని ఇంటికి తెచ్చిన మొదటి రెండు రోజులు దాన్ని ఏ గదిలో ఉంచాలి, ఎలా మచ్చిక చేసుకోవాలి అన్నది పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈపాటికి అది మంచం కిందనుంచి బయటికొచ్చి గిన్నె చుట్టూ తిరుగుతూ ఉండాలి. అసలు టెన్షన్ మొదలయ్యేది ఇప్పుడే. నెల్లూరులో అయినా, ఒంగోలులో అయినా, కందుకూరులో అయినా కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లు ముందుగా అడిగేవి రెండే ప్రశ్నలు. దొడ్డికి పెట్టిన ఇసుక తొట్టెలో పోయకుండా సోఫా వెనక పోస్తోంది, ఏం చేయాలి? మోషన్స్ అవుతున్నాయి, ఏ మాత్ర వేయాలి?

మాత్ర సంగతి కాసేపు పక్కన పెట్టండి. పిల్లి ఒంట్లో బాగాలేకపోయినా బయటపడనివ్వదు. కడుపులో ఏం జరుగుతోందో మనకు తెలిసేది అది ఇసుకలో కప్పిపెట్టి పోయినదాన్ని తవ్వి చూసినప్పుడే. రోజుకు రెండుసార్లు తొట్టె చూసి, కనిపించినదాన్ని అర్థం చేసుకుని, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలో తేల్చుకోవడం ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన విద్య. చీదరగా అనిపించినా ఇంట్లో ఎవరో ఒకరు ఈ పని తలకెత్తుకోవాలి.

తొట్టె, ఇసుక

తొట్టె సరిగ్గా లేకపోతే చూడటానికి అందులో ఏమీ ఉండదు, అంతా సోఫా వెనకే ఉంటుంది. ముక్కునుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుంటే, తొట్టె దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. పెద్ద పిల్లికి దుకాణాల్లో దొరికే చిన్న ట్రేలకన్నా బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు నయం. పిల్ల అయితే అంచు మూడు అంగుళాలకు మించకూడదు, ఎక్కలేక బయటే పోస్తుంది. ఒక పిల్లికి రెండు తొట్టెలు, రెండు వేర్వేరు చోట్ల పెట్టండి. ఇది చాలామందికి అతిగా అనిపిస్తుంది గానీ, సోఫా వెనక పోసే పిల్లుల్లో ఎన్నో రెండో తొట్టె రాగానే దారికొస్తాయి. అన్నం గిన్నె పక్కన పెట్టొద్దు. వాషింగ్ మెషిన్ పక్కన కూడా వద్దు, అది గిర్రున తిరిగిందంటే పిల్లి ఇక ఆ మూలకు రాదు. మే నెలలో మధ్యాహ్నం కాలు పెట్టలేనంతగా కాలే బాల్కనీ అసలే పనికిరాదు.

ఇసుకకు మన దగ్గర కరువు లేదు. ఇల్లు కట్టగా మిగిలిన పెన్నా ఇసుకను జల్లెడ పట్టి, రాళ్లు తీసేసి, మేడ మీద ఒక రోజంతా ఎండబెట్టి, టబ్బులో రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే చాలు. కొత్తపట్నం, మైపాడు వైపువాళ్లకు సముద్రపు ఇసుక వాడదామనిపిస్తుంది. వద్దు. అందులో ఉప్పుంటుంది, పిల్లి తన పాదాలను నాకి శుభ్రం చేసుకునే జంతువు. ఇంకో సంగతి: మన వైపు వాన ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలకు, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను పట్టిందంటే వారం పాటు ఇసుక ఆరదు. తడి ఇసుకలో పిల్లి కాలు పెట్టదు. సెప్టెంబరులోనే ఒక డ్రమ్ము నిండా ఎండు ఇసుక దాచుకోండి.

ఇసుకకు బదులు దుకాణంలో దొరికే లిట్టర్‌లో ఎక్కువగా ఉండేది బెంటోనైట్ బంకమన్ను. తడి తగలగానే గడ్డకడుతుంది, తీసెయ్యడం తేలిక. రెండు మూడు నెలలు నిండని పిల్లలకు మాత్రం ఇది వాడకండి. అవి ప్రతిదీ నోట్లో పెట్టుకుంటాయి, మింగితే కడుపులోనూ గడ్డకడుతుంది. సువాసన కలిపిన రకాలు మన ముక్కు కోసం చేసినవి, పిల్లికి అవి ఘాటు. వీధిలో పెరిగిన పిల్లిని తెచ్చుకుంటే అది ఇన్నాళ్లూ తిరిగిన చోటినుంచి రెండు గుప్పిళ్ల మట్టి తెచ్చి ఇసుక మీద చల్లండి. ఆ వాసనకు తొట్టె దేనికో దానికే తెలుస్తుంది.

బయట పోసిన చోటును ఫినాయిల్‌తో కడగొద్దు. డెట్టాల్ కూడా వద్దు. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు, విషం లోపలికి పోతుంది. సబ్బు నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి ఆరబెట్టండి. మూత్రం మీద బ్లీచింగ్ చల్లితే లేచే ఆవిరి మనకూ ప్రమాదమే.

ఏం చూడాలి

పాత చిల్లుల గరిటె ఒకటి దీనికోసం కేటాయించండి, వంటింటి వైపు మళ్లీ తేవొద్దు. ఉదయం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తవ్వండి. బాగున్న పిల్లి రోజుకు ఒకటి రెండుసార్లు దొడ్డికి పోతుంది. రంగు ముదురు గోధుమ. గరిటెతో ఎత్తితే విరగకుండా వస్తుంది, ఇసుకకు పెద్దగా అంటుకోదు. మూత్రం తడి రోజుకు రెండు నుంచి నాలుగు చోట్ల కనిపిస్తుంది. ఈ లెక్క మీ పిల్లికి ఎంతో మీకు కంఠతా వచ్చేయాలి. తేడా వచ్చినప్పుడే కదా జబ్బు తెలిసేది.

కొత్త ఇంట్లో మొదటి వారం మోషన్ కాస్త మెత్తబడటం మామూలే. చోటు మారిన బెదురు ఒకటి, తిండి మారడం ఇంకొకటి. పెద్ద పిల్లి తింటూ, నీళ్లు తాగుతూ, హుషారుగా ఉంటే ఒకటి రెండు రోజులు ఆగి చూడొచ్చు. మూడు నెలల లోపు పిల్లకు ఆ గడువు లేదు. నీళ్లలా పోయడం మొదలైతే దాని చిన్న ఒంట్లో నీరు పూటలోనే ఇగిరిపోతుంది. మెడ వెనక చర్మం చిటికెతో పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే సరే, మడత అలాగే నిలబడితే ఇంట్లో కూర్చోవద్దు.

మెత్తని మోషన్‌కు సగం కారణం మన ఆప్యాయతే. పిల్లి వచ్చిందనగానే గిన్నెలో పాలు పోస్తాం. తల్లి పాలు మానిన తరువాత పిల్లి పేగుల్లో పాలచక్కెరను అరిగించే లాక్టేజ్ తగ్గిపోతుంది. అరగని చక్కెర పేగుల్లోకి నీటిని లాగుతుంది, అదే విరేచనం. చాలా పిల్లుల విషయంలో జరిగేది ఇదే. పాలు మాన్పించి నీళ్లు పెట్టి చూడండి, రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది. పెరుగన్నంలో పాలచక్కెర తక్కువే గానీ, దానితోనే పిల్లిని పెంచలేం. టారిన్ అనే పోషకాన్ని పిల్లి తన ఒంట్లో సరిపడా తయారుచేసుకోలేదు, మాంసం, చేపల నుంచే అందాలి. అది కరువైతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. శాకాహారుల ఇళ్లలో పిల్లిని తెచ్చుకునేవాళ్లు ఈ మాట మొహమాటం లేకుండా ముందే మాట్లాడుకోవాలి. వండటం ఇష్టం లేకపోతే పిల్లుల కోసమే చేసిన తిండి కొని పెట్టండి.

నెల్లూరు ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది. చేపల పులుసు మిగిలితే ముక్క కడిగి పిల్లికి వేస్తారు. కడిగినా ఉల్లి, వెల్లుల్లి రసం ముక్కలోనే ఉంటుంది. ఉల్లిజాతి ఏదైనా పిల్లి రక్తంలోని ఎర్రకణాలను విరగ్గొడుతుంది, రోజూ కొంచెం కొంచెంగా పెట్టినా రక్తహీనత వస్తుంది. పులుసులో పడేయకముందే ఒక ముక్క పక్కకు తీసి, ఉప్పుకారాలు లేకుండా ఉడికించి, ముళ్లన్నీ వేళ్లతో వెతికి తీసి పెట్టండి. పచ్చి చేప వద్దు, కొన్ని రకాల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది.

పాత ఇంట్లో, లేక షెల్టర్‌లో ఏం తినేదో అడిగి అదే కొన్నాళ్లు పెట్టండి. మార్చాలంటే వారం పది రోజులు తీసుకోండి: ముందు మూడు వంతులు పాతది, ఒక వంతు కొత్తది, తరువాత సగం సగం, ఆపైన మూడు వంతులు కొత్తది. ఒక్క రోజులో మార్చేసి మోషన్స్ అవుతున్నాయంటే తప్పు తిండిది కాదు.

నట్టలు

పిల్లి పడుకుని లేచిన దుప్పటి మీద, లేదా తోక కింద వెంట్రుకలకు అంటుకుని, తెల్లని నూకగింజలాంటివి కనిపిస్తాయి. వెలుతురులో దగ్గరగా చూడండి. తాజాగా ఉంటే మెల్లగా ముడుచుకుని సాగుతుంటాయి. ఆరిపోతే పసుపుపచ్చగా, గట్టిగా మారి నువ్వుగింజల్లా రాలిపోతాయి. అవి బద్దెపురుగు ముక్కలు. పిల్లి ఒళ్లు నాకేటప్పుడు ఒంటిమీద గెంతే ఫ్లీ అనే చిన్న పురుగును మింగితే ఈ పురుగు వస్తుంది కాబట్టి, మందు వేసినా ఒంటిమీది ఫ్లీలు పోకపోతే మళ్లీ వస్తుంది. పొడుగ్గా దారంలా చుట్టుకుని కనిపించేవి ఏలికపాములు, ఇవి తల్లి పాలలోనే పిల్లలకు చేరతాయి. పొట్ట ఉబ్బి, వెన్ను ఎముకలు తేలిన పిల్ల కనిపిస్తే ముందు వీటినే అనుమానించాలి.

రెండింటికీ మందు వేరు. ఏలికపాములకు పైరాంటెల్, బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ వాడతారు, మోతాదు పిల్లి బరువును బట్టి డాక్టరు చెప్పాలి. పల్లెల్లో గొర్రెలకు, మేకలకు తాగించే నట్టల మందు ఇంట్లో ఉంటుంది, అదే రెండు చుక్కలు పిల్లికి వేద్దామనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఆల్బెండజోల్ పిల్లుల ఎముక మజ్జను దెబ్బతీయగలదు. జ్వరం ఉన్నట్టుందని పారాసెటమాల్ ముక్క వేయడం అంతకన్నా ఘోరం, మనం మింగే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. మన మోషన్ల మాత్రలు కూడా డాక్టరు చెప్పకుండా వేయొద్దు.

ఆగకూడని గుర్తులు

మోషన్ తారులా నల్లగా, జిగటగా ఉంటే పేగుల పైభాగంలో రక్తం కారుతోందని అర్థం. ఎర్రని రక్తం చారలు, జిగురు పెద్దపేగు వాపుకు గుర్తు. రెండింటికీ ఆ రోజే చూపించాలి. టీకా పడని పిల్ల తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ, నీళ్ల విరేచనాలతో ముడుచుకుని పడుకుంటే అది పాన్‌ల్యూకోపీనియా కావొచ్చు. ఈ వైరస్ గంటల్లో పిల్లను కూలదోస్తుంది, ఇంట్లో నేల మీద ఏడాది దాకా బతికి ఉండగలదు. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకటి చొప్పున వేయించాలి.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదవండి. మగపిల్లి మాటిమాటికీ తొట్టెలోకి వెళ్లి, ముక్కుతూ, అరుస్తూ, ఏమీ రాకుండా బయటికొస్తుంది. ఇంట్లోవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. ఎవరో ఆముదం పట్టమంటారు, ఎవరో రేపటికి తగ్గిపోతుందంటారు. చాలాసార్లు అక్కడ ఆగిపోయింది మూత్రం. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం, చిన్న రాయి ముక్కో, జిగురు గడ్డో అడ్డుపడితే చాలు. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. రోజూ తొట్టె తవ్వేవాళ్లకు ఇది సాయంత్రానికే తెలిసిపోతుంది, ఎందుకంటే ఇసుకలో ఎక్కడా తడి ఉండదు. తడి లేదని తేలితే ఆదివారమైనా, అర్ధరాత్రైనా బయల్దేరాల్సిందే. ఊళ్లో పశువుల ఆసుపత్రిలో పిల్లికి గొట్టం వేసే ఏర్పాటు ఉందో లేదో, లేకపోతే ఎక్కడికి వెళ్లాలో పిల్లి బాగున్న రోజుల్లోనే కనుక్కుని పెట్టుకోండి. తిరుపతిలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది గానీ, ఈ స్థితిలో అంతదూరం తీసుకెళ్లేకన్నా ముందు దగ్గరలో ఎవరో ఒకరు చూడటం ముఖ్యం.

నిజమైన మలబద్ధకం అయితే మూత్రం మామూలుగానే పోస్తుంటుంది. కొత్త చోట మొదటి రోజు దొడ్డికి పోకపోయినా కంగారు లేదు. రెండు రోజులు దాటితే చూపించండి. తిండి పూర్తిగా మానేసినా అంతే. కొవ్వు పట్టిన పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అదే పెద్ద జబ్బవుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పూటే పోయిన మోషన్‌ను చిన్న మూత డబ్బాలో పెట్టుకెళ్లండి. కోక్సీడియా, జియార్డియా లాంటి పేగుల్లోని క్రిములు కంటికి కనిపించవు, సూక్ష్మదర్శినిలోనే తేలాలి. ఫోన్‌లో ఫోటో తీసుకున్నా డాక్టరుకు ఉపయోగమే.

ఇంట్లో గర్భిణి ఉంటే పెద్దవాళ్లు పిల్లిని బయట వదిలేయమంటారు. వాళ్ల భయం వెనక నిజం ఉంది, కడుపులోని బిడ్డకు హాని చేయగల ఆ క్రిమి పేరు టాక్సోప్లాస్మా. కానీ పిల్లి మలంలో వచ్చే ఆ క్రిమి అంటుకునే స్థితికి చేరాలంటే కనీసం ఒక రోజు పడుతుంది. ఏ రోజుది ఆ రోజు తీసేస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ పని గర్భిణి కాకుండా ఇంట్లో మరొకరు చేయాలి, పచ్చి మాంసం పిల్లికి పెట్టకూడదు. అత్తగారికి ఇది నెమ్మదిగా, గౌరవంగా చెప్పండి, పిల్లి వీధిపాలు కాకుండా ఉంటుంది.

వచ్చే పాఠం దాకా చేయాల్సిన పని

తొట్టె పక్కన గోడకు ఒక పాత క్యాలెండర్ తగిలించండి. ప్రతి తేదీ గడిలో ఉదయం, రాత్రి విడివిడిగా మూడు సంగతులు రాయండి: మూత్రం తడి ఎన్ని చోట్ల, మోషన్ ఎన్నిసార్లు, అది గట్టిగానా మెత్తగానా నీళ్లగానా. ఆ రోజు తిండిలో కొత్తగా ఏమైనా పడితే అదీ రాయండి. ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే రాసే పని వాళ్లకు అప్పగించొచ్చు, గరిటె మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వచ్చే పాఠంలో నీళ్ల సంగతి. రోహిణి కార్తె ఎండల్లో పిల్లి చేత సరిపడా నీళ్లు ఎలా తాగించాలో చూద్దాం. ఈ క్యాలెండర్‌లోని మూత్రం లెక్క అక్కడ అవసరమవుతుంది, కాబట్టి ఆ గడి ఖాళీగా వదలకండి.