యాభై క్యాలిబర్ రైఫిల్ పక్కన రాసే ‘ఎంఓఏ’ అంకెను ఎలా చదవాలి

బ్యారెట్ ఎం82 లాంటి యాంటీ మెటీరియల్ రైఫిల్ (వాహనాలు, విమానాల వంటి సామగ్రిని కొట్టే భారీ తుపాకి) గురించి చదివేటప్పుడు ‘ఇన్ని ఎంఓఏ’ అని కనిపిస్తే ముందు దాన్ని సెంటీమీటర్లలోకి మార్చుకోండి. ఎంఓఏ అంటే మినిట్ ఆఫ్ యాంగిల్, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం; తూటాలు ఎంత చెదురుతాయో దానితో చెబుతారు. ఒక ఎంఓఏ అంటే 100 మీటర్ల దూరంలో 2.9 సెంటీమీటర్లు, 1500 మీటర్లలో 44. మూడు ఎంఓఏ తుపాకి అయితే ఆ దూరంలో మీటరుంబావు పైనే చెదురుతుంది. నేలమీద నిలబెట్టిన విమానానికి అది చాలు. జీపు ఇంజన్‌కే తగలాలంటే చాలదు.

అంకె ఎన్ని రౌండ్ల గ్రూపుదో చూడండి. గ్రూపు అంటే ఒకే గురితో కాల్చిన రౌండ్లు లక్ష్యం మీద చేసిన రంధ్రాల గుంపు. మూడు రౌండ్లకు 1 ఎంఓఏ ఇచ్చే తుపాకే పది రౌండ్లకు సగటున 1.6 దాకా ఇస్తుంది. తుపాకి చెడిపోయి కాదు, లెక్కే అంత. మూడు రౌండ్ల ఫొటో చూపించి గొప్పలు పోయేవాళ్లను అందుకే నమ్మక్కర్లేదు.

అసలు గొడవ తూటా దగ్గర. ఈ రైఫిళ్లు కాల్చే యాభై క్యాలిబర్ తూటా, అంటే 12.7×99 మిల్లీమీటర్లది, బ్రౌనింగ్ మెషిన్ గన్ కోసం పుట్టింది. సైన్యం మామూలుగా వాడే ఎం33 తూటా బుల్లెట్‌లో (ముందుకు ఎగిరే ముక్కలో) రాగి తొడుగు లోపల ఉక్కు దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మ వెంట్రుకవాసి పక్కకు జరిగినా బుల్లెట్ ఊగుతూ పోతుంది. మెషిన్ గన్‌కు ఆ చెదరడం పట్టదు, రైఫిల్‌కు పడుతుంది. 750 గ్రెయిన్ల (సుమారు 49 గ్రాముల) ఎ-మ్యాక్స్ లాంటి మ్యాచ్ బుల్లెట్‌తో, అంటే గురి పోటీలకు చేసినదానితో, గ్రూపు దగ్గరపడుతుంది, కానీ అందులో ఉక్కు లేదు కాబట్టి ఇనప రేకును చీల్చే శక్తి తగ్గుతుంది. రెండూ ఒకే తూటాలో దొరకడం కష్టం. మ్యాచ్ తూటా అయినా క్రోనోగ్రాఫ్‌తో వేగం కొలవాలి: 10 మీ/సె తేడా వస్తే 1500 మీటర్లలో దాదాపు అర మీటరు పైకో కిందికో పోతుంది. పక్కగాలిని 1 మీ/సె తప్పు అంచనా వేసినా పక్కకు అంతే.

ఇక యంత్రాంగం. ఎం82లో కాల్చిన ప్రతిసారీ బ్యారెల్ వెనక్కి జరిగి, స్ప్రింగుల లాగుడుకు మళ్లీ ముందుకొస్తుంది. స్కోప్ మాత్రం పై రిసీవర్ (తుపాకి ఒంటి పైభాగం) మీద కదలకుండా కూర్చుంటుంది. బ్యారెల్ ప్రతిసారీ అదే చోట కుదురుకోవాలి, ఆ కాస్త తేడానే గ్రూపులో కనిపిస్తుంది. బదులుగా భుజానికి తగిలే తన్ను తగ్గుతుంది, వెంటవెంటనే పది రౌండ్లు కాల్చవచ్చు. ప్రతి రౌండుకూ చేత్తో బోల్ట్ లాగి కాల్చే మెక్‌మిలన్ టాక్-50 బోల్ట్ రైఫిల్‌లో బ్యారెల్ రిసీవర్‌కు బిగించి ఉంటుంది, కదలదు. గురి మెరుగు, కాల్చే వేగం తక్కువ. పేలని బాంబులను దూరం నుంచి ధ్వంసం చేసే పనికి ఎం82 సరిపోతుంది, వెయ్యి గజాల పోటీకి బోల్ట్ రైఫిలే తీసుకోవాలి.

గ్రూపు ఆకారం చూస్తే తప్పు తెలుస్తుంది. నిలువుగా సాగితే తూటా వేగంలో తేడా. అడ్డంగా సాగితే గాలి, లేదా తుపాకి పక్కకు ఒరగడం. ఒక్క డిగ్రీ ఒరిగినా 1500 మీటర్లలో 35 సెంటీమీటర్ల పైనే తప్పుతుంది, స్కోప్ మీద బుడగ మట్టం అందుకే. రెండు గుంపులుగా విడిపోతే బ్యారెల్‌ను అనుమానించే ముందు స్కోప్ మౌంట్ స్క్రూలు చూడండి, ఈ తన్నుకు అవి వదులవుతూనే ఉంటాయి.