హ్యామర్ త్రో: కుడి పాదం తొందరగా దిగాలి

పోలెండ్ త్రోయర్ అనిటా వ్లొదార్చిక్ 2016 ఆగస్టు 28న వార్సాలో 82.98 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆమె వీడియోలు పెట్టుకుని చాలామంది భుజాలు, చేతులు చూస్తుంటారు. నేర్చుకునేవాళ్లు చూడాల్సింది పాదాలు.

మహిళల హ్యామర్ బరువు 4 కిలోలు, అండర్-18 అమ్మాయిలకు 3. గుండు, వైరు, హ్యాండిల్ కలిపి పొడవు 119.5 సెంటీమీటర్లు దాటకూడదు. విసిరేవాళ్లు నిలబడి తిరిగే సర్కిల్ అడ్డుకొలత 2.135 మీటర్లు. కుడిచేతివాటం వాళ్లు ఎడమచేతికి గ్లోవ్ వేసుకుని, ఆ వేళ్లతో హ్యాండిల్ పట్టుకుని, పైన కుడిచేయి వేయాలి.

సర్కిల్ వెనక అంచు దగ్గర, విసిరే దిక్కుకు వీపు పెట్టి నిలబడాలి. పాదాల మధ్య దూరం భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. తల చుట్టూ రెండుసార్లు హ్యామర్ తిప్పాలి. గుండు బాగా కిందికి వచ్చే చోటు కుడి పాదం ముందు ఉండాలి. మొదట్లోనే అది ఎడమకు జరిగితే తర్వాతి టర్న్‌లన్నీ (హ్యామర్‌తో పాటు ఒళ్లంతా తిరిగే చుట్లు) చెడతాయి.

ఇక టర్న్. ఎడమ పాదం మడమ మీద సగం తిరిగి, బయటి అంచు మీదుగా మునివేళ్ల కిందికి వచ్చి మిగతా సగం పూర్తిచేయాలి. ఈలోపు కుడి పాదం లేచి, ఎడమ కాలికి దగ్గరగా తిరిగి, గుండు ఇంకా పైనుండగానే నేలకు దిగాలి. అసలు వేగం పుట్టేది ఇక్కడే: రెండు పాదాలూ నేలమీద ఉన్నప్పుడు, గుండు పైనుంచి కిందికి వస్తున్నప్పుడు. పాదం ఆలస్యంగా దిగితే తొయ్యడానికి సమయం మిగలదు. అప్పుడు చేతులతో లాగుతారు, మోచేతులు వంగుతాయి, గుండు తిరిగే వ్యాసార్థం తగ్గుతుంది, దూరం పోతుంది.

ఎక్కువమంది చేసే తప్పు మొదటి టర్న్‌లో తొందరపడటం. దాన్ని నెమ్మదిగా, వెడల్పుగా తిప్పి, తర్వాతి వాటిలో వేగం పెంచాలి. చివర్లో 80 మీటర్లు పోయే విసురుకి చేతుల మీద సుమారు 180 కిలోల లాగుడు పడుతుంది. దాన్ని కేవలం భుజాలతో ఆపడం ఎవరివల్లా కాదు. మోకాళ్లు వంచి, నడుము వెనక్కి వేసి, ఒంటి బరువుతో ఎదురు లాగాల్సిందే. వదిలేటప్పుడు కాళ్లు నిటారుగా సాగాలి. కోణం 40 డిగ్రీలకు అటూఇటూ చాలు.

కొత్తవాళ్లు నాలుగు టర్న్‌లకు ఎగబడకూడదు. హ్యామర్ లేకుండా గీత మీద మడమ-వేళ్ల టర్న్‌లు, తర్వాత తేలిక హ్యామర్‌తో ఒకటి, రెండు, మూడు. గీత నుంచి పక్కకు జరిగిపోతున్నారంటే బరువు ఎడమ కాలి మీద లేనట్టే.

ఈ ఆటలో తొందరగా గెలిచినవాళ్లూ ఉన్నారు. 2000 సిడ్నీలో మహిళల హ్యామర్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు కమీలా స్కొలిమోవ్‌స్కా 17 ఏళ్లకే 71.16 మీటర్లతో స్వర్ణం తీసుకుంది. కానీ కెరీర్ పొడవుగా ఉండాలంటే మోకాళ్లు కాపాడుకోవాలి. 2019లో మోకాలి ఆపరేషన్ చేయించుకున్న వ్లొదార్చిక్, టోక్యోలో 36 నిండడానికి ఐదు రోజుల ముందు 78.48 మీటర్లతో వరసగా మూడో ఒలింపిక్ స్వర్ణం అందుకుంది.

తిరిగేటప్పుడు గుండు నేలకు తగిలినంత మాత్రాన ఫౌల్ కాదు, ఆగిపోనక్కర్లేదు. హ్యామర్ నేలపై పడ్డాకే సర్కిల్ వెనక సగం నుంచి బయటికి రావాలి. కేజ్ (సర్కిల్ చుట్టూ కట్టే రక్షణ వల) లేని మైదానంలో మాత్రం అసలు విసరొద్దు. ప్రతి ప్రాక్టీస్‌కు ముందు వైరు రెండు చివర్లూ వేలితో తడిమి చూడండి. కాస్త గాటు పడినా మార్చేయాలి.