థైరాయిడ్ తక్కువున్నోళ్ల నాడి: బొటనవేలు పెట్టకండి

ముప్పయ్యొక్క ఏళ్లు బస్సులో తలకాయలు లెక్కపెట్టిన మనిషిని. దేవరకొండ డిపోలో కండక్టర్‌గా రిటైరయ్యాను. జాతర రద్దీలో కూడా లెక్క తప్పలేదు కానీ, ఇంట్లో మా ఆమె నాడి దగ్గర నిలువునా తప్పాను.

పోయినేడు చెర్వుగట్టు అమావాస్యకు పోతే ఆమె మెట్ల మీద మూడుసార్లు కూలబడింది. అప్పటికే కొన్ని నెలలుగా ఎండల్లో కూడా దుప్పటి కప్పుకునేది. పొద్దున మొహం ఉబ్బేది, జుట్టు దువ్వెనకే వచ్చేది. మా నల్గొండోళ్లం ఏ రోగం వచ్చినా ముందు ఫ్లోరైడ్ నీళ్ల మీదికి నెడతాం. నేనూ అదే అన్నాను. ఇంటికొచ్చాక ఆమె మణికట్టు మీద బొటనవేలు ఆనించి నాడి లెక్కపెట్టాను. 74. నాది చూసుకున్నాను, అదీ 74. "చూసినవా, కాపురం చేసి చేసి ఇద్దరి గుండెలు ఒకటే లెక్కకొచ్చినయ్" అని నవ్వాను కూడా.

మర్నాడు దవాఖానలో నర్సమ్మ చెయ్యి పట్టి చూసి 48 అంది. నేను లెక్కపెట్టింది రెండుసార్లూ నా నాడినే. బొటనవేలిలోనే నాడి కొట్టుకుంటుంది, అది అవతలివాళ్లదని మనం మోసపోతాం. ఆమె రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 38 వచ్చింది. థైరాయిడ్ తగ్గేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. మామూలుగా అది 4, 5 దాటకూడదు.

కాబట్టి నాడి ఎట్లా చూడాలో ముందు చెబుతాను. మనిషిని అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి. టీ తాగకముందు, పొద్దున లేచాక అయితే మంచిది. అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి మొదలు నుంచి మణికట్టు మీదికి రండి. ఎముకకూ, పక్కన తాడులా తగిలే కండర కొసకూ మధ్య చిన్న పల్లం తగులుతుంది. అక్కడ చూపుడువేలు, నడిమివేలు మెత్తగా ఆనించండి. గట్టిగా నొక్కితే నాడి అందదు. సెకన్ల ముల్లున్న గడియారం ఎదురుగా పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే, ఒక్క దెబ్బ తప్పినా లెక్కలో 4 తేడా వస్తుంది.

కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ మా ఇంట్లోనూ ఉంది. కానీ వేళ్లు చల్లబడితే, గోరింటాకు ముదురుగా ఉంటే అది తప్పు చూపించవచ్చు. థైరాయిడ్ తక్కువున్నోళ్ల చేతులు చల్లగానే ఉంటాయి మరి. అందుకే నేను వేళ్లనే నమ్ముతాను.

ఇదంతా ఎందుకంటే, గుండె పైగదిలో కరెంటు పుట్టించే చిన్న చోటు ఒకటి ఉంటుంది. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే అది నిదానిస్తుంది. బండి ఆగి ఉన్నప్పుడు తిరిగే స్లో రన్నింగ్ మరీ తగ్గించిన బస్సు ఇంజన్ లాగా. మామూలు మనిషికి కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100. అయితే 56 అనో 54 అనో కనబడగానే టెన్షన్ పడనక్కర్లేదు. నిద్రలో అందరికీ తగ్గుతుంది, బాగా పరుగెత్తే అలవాటున్న పిల్లలకు పగలే తక్కువుంటుంది. అంకెతోపాటు మనిషిని చూడాలి. 50 లోపు ఉండి తల తిరగడం, కళ్లు చీకట్లు కమ్మడం, నాలుగడుగులకే అలసట ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పొండి. 40 లోపుకు పడినా, స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చెయ్యండి. ఒళ్లు చల్లబడి, పిలిస్తే సరిగా పలక్కుండా మగతగా పడుకుంటే కూడా అంతే. తెల్లారనీ అని ఆగొద్దు.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో వేసుకుని పోవాలి. బీపీకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి కూడా నాడిని తగ్గిస్తాయి. మా ఆమె వాడేవాటిలో అలాంటిది ఒకటి బయటపడింది. దాన్ని డాక్టరే మార్చాడు. మీకై మీరు చప్పున ఆపితే గుండెకు ప్రమాదం. ఈసీజీ కూడా తీయిస్తారు, తప్పు థైరాయిడ్‌దో గుండెదో తేలాలి కదా.

గోలీ మింగడంలోనే మేము ఎక్కువ తప్పులు చేశాం. ఆమె మొదటి నెల థైరాయిడ్ గోలీ, క్యాల్షియం గోలీ కలిపి చాయ్‌తో మింగింది. క్యాల్షియం, ఐరన్ గోలీలు థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వవు. వాటికి నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ గోలీ పరగడుపున మంచినీళ్లతో మింగి, అరగంట నుంచి గంట దాకా చాయ్ జోలికి పోవద్దు. ఇప్పుడు ఆమె క్యాల్షియం రాత్రికి మారింది.

ఒక్కపొద్దు రోజు సంగతి వేరే కథ. శనివారం పూజ అయ్యేదాకా నీళ్లు కూడా ముట్టదు, గోలీ ఎగ్గొట్టేది. ఆ మందు ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది కాబట్టి ఒకరోజు తప్పితే కొంప మునగదు. కానీ ప్రతి శనివారం అంటే నెలకు నాలుగు గోలీలు. డాక్టర్‌తో చెబితే, "మందు మింగితే ఒక్కపొద్దు చెడదమ్మా" అన్నాడు. నేను చెబితే వినలేదు, ఆయన చెబితే వింది.

మా ఇల్లు రేకులది. వేసవిలో సీసా కిటికీలో పెడితే మందు పాడవుతుంది. లోపలి అర్ర గోడ గూట్లో, ఎండా తడీ తగలకుండా పెట్టాం.

మా ఆమెకు 58 ఏళ్లు, నాడి అంత తక్కువ. అందుకే డాక్టర్ 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, మెల్లగా 50కి పెంచాడు. పెద్దవయసు గుండెను ఒక్కసారిగా ఉరికిస్తే ఛాతీ నొప్పి రావచ్చు, నాడి గతి తప్పవచ్చు. నాడి పెరగట్లేదని మనమే ఇంకో గోలీ వేసుకోవడం అందుకే తప్పు. డోసు మార్చిన 6 నుంచి 8 వారాలకు మళ్లీ రక్తపరీక్ష. అంతకంటే ముందు చేయిస్తే డబ్బులు దండగ.

బస్సులో టికెట్ల లెక్క కాగితం, ఎస్సార్, రాసినట్టు నోట్‌బుక్‌లో గీతలు కొట్టి తేదీ, నాడి, గోలీ టైము, ఆ రోజు ఎట్లున్నదో రాస్తున్నాను. మొదటి వారం 48, 50, 47. మూడో నెలలో 56. ఇవాళ పొద్దున 64, పక్కన "దుప్పటి లేదు" అని రాశాను.