షాపు ముందు బండి ఆపుకోవడానికి అనుమతి రావట్లేదా? ఎక్కడ ఆగిందో ఇలా చూసుకోండి

కడపలో నాది టైల్స్, శానిటరీ సామాన్ల షాపు. సరుకు బండి వస్తుంది, షాపు ముందు ఆగుతుంది, హమాలీలు దింపుతారు, వెళ్లిపోతుంది. రోడ్డు పక్కన ఆ ఇరవై నిమిషాల కోసం నేను చాలా తిరిగాను. ఆ తిరుగుడు మీకు తప్పాలనే ఇది రాస్తున్నా. బండి ఆపి టిఫిన్లు అమ్మేవాళ్లకు, రోడ్డు పక్కన పంక్చర్లు, రిపేర్లు చేసేవాళ్లకు పనికొచ్చేది కూడా చివర్లో ఉంది.

సమస్య: అర్జీ ఇచ్చి నెలలైంది. అడిగితే "ఇది మా పరిధి కాదు" అంటున్నారు

చాలాసార్లు కారణం ఒక్కటే. ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోకుండా అర్జీ పెట్టి ఉంటాం. ఊళ్లో రోడ్లన్నీ కార్పొరేషన్‌వే అనుకుంటాం, కానీ కావు. సందులు, కాలనీ రోడ్లు కార్పొరేషన్ చూస్తుంది. పెద్ద రోడ్లలో కొన్ని ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)వి. కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు వైపు వెళ్లే 40వ నంబర్ జాతీయ రహదారి లాంటివైతే ఆ లెక్కే వేరు. నా మొదటి అర్జీ ఒక ఆఫీసులో రెండు నెలలు ఉంది. ఆ తర్వాతే రోడ్డు వాళ్లది కాదని చెప్పారు. నేను ముందే అడిగి ఉంటే ఆ రెండు నెలలు మిగిలేవి.

అర్జీ రాయకముందే మీ వార్డు సచివాలయానికి వెళ్లి, ప్లానింగ్ సెక్రటరీని కలిసి "ఈ రోడ్డు ఎవరి కింద ఉంది సార్?" అని అడగండి. నోటి మాటతో సరిపెట్టుకోవద్దు. అనుమానం ఉంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజు కట్టి దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబు కాపీని అర్జీకి జతచేస్తే ఇంకెవరూ మిమ్మల్ని పక్క ఆఫీసుకు పొమ్మనలేరు. అర్జీ ఇచ్చిన చోట నంబర్ వేసిన రసీదు తీసుకోకుండా బయటికి రావద్దు.

రెండు శాఖలూ మాది కాదంటే మాది కాదంటున్నాయా? సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. అన్ని శాఖల అధికారులూ ఒకేచోట కూర్చుంటారు కాబట్టి "ఎవరిది" అనే పంచాయితీ అక్కడ తేలినంత తొందరగా ఇంకెక్కడా తేలదు.

సమస్య: "ప్రజల రోడ్డు మీకెట్లా రాసిస్తాం?" అని తిప్పి పంపారు

అర్జీ కాపీ తీసి మళ్లీ చదవండి. "మా షాపు ముందు పార్కింగ్ స్థలం కేటాయించగలరు" అని ఉందా? చిక్కు అక్కడే ఉంది. రోడ్డులో ముక్క ఎవరికీ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కాబట్టి స్థలం కాకుండా సమయం అడగండి. నా అర్జీకి ప్రాణం వచ్చింది ఈ ఒక్క మార్పుతోనే.

సమయం అడగాలంటే ముందు లెక్క ఉండాలి. ఒకరోజు పొద్దున ఆరున్నరకు టేపు, సుద్దముక్క పట్టుకుని మా వీధిలో కొలిచాను. కాలువ అంచు నుంచి కాలువ అంచుకు తొమ్మిది మీటర్లు వచ్చింది. మా సరుకు తెచ్చే టాటా ఏస్ బండి పొడవు 3.8 మీటర్లు, వెడల్పు మీటరున్నర. వెనక డోరు దించి మనిషి నిలబడి పెట్టె అందుకోవాలంటే ఇంకో రెండు మీటర్లు కావాలి. అంతమేరకు సుద్దతో గీత గీశాను. బండి రాగానే ఫోన్లో టైమ్ పెట్టాను. దింపడానికి 35 నిమిషాలు పట్టింది. ఎందుకింత అని చూస్తే, మా గుమ్మం ముందు కాలువ దాటడానికి వీల్లేక హమాలీలు ఒక్కో పెట్టెతో పక్క షాపు దాకా వెళ్లి చుట్టూ తిరిగి వస్తున్నారు. మరుసటి సారి కాలువ మీద ఒక చెక్క పలక వేసి, పని అయ్యాక తీసేశాం. 20 నిమిషాల్లో అయిపోయింది.

అందుకే కొత్త అర్జీలో ఇలా రాశాను: "ఉదయం 7 నుంచి 8 లోపు, ఒక్క బండి, 20 నిమిషాలు, సరుకు దింపుకోవడానికి మాత్రమే. బండి పక్కన వాహనాలు వెళ్లడానికి ఏడు మీటర్లకు పైగా ఖాళీ ఉంటుంది." కొలతలతో చేత్తో గీసిన పటం, ట్రేడ్ లైసెన్స్ కాపీ, రెండు పక్కల షాపులవాళ్ల సంతకాలు జతచేశాను. అన్నిటికన్నా పక్కవాళ్ల సంతకాలే ముఖ్యం. ఫిర్యాదు వచ్చేది ముందుగా వాళ్ల నుంచే.

మలుపు, బస్టాప్, ఆస్పత్రి గేటు, జీబ్రా గీతల దగ్గర మాత్రం ఎంత బాగా రాసినా అడగొద్దు. నాలుగు షాపుల అవతల చోటు చూసుకోండి. వై.వి.స్ట్రీట్ లాంటి ఇరుకు బజారులో రంజాన్ నెల చివర్లో కాలు పెట్టే సందుండదు. పెద్ద దర్గా ఉరుసుకు ఊరంతా జనమే. అలాంటి రోజుల్లో బండి తేనని అర్జీలో మీరే ముందుగా రాయండి. నమ్మకం కుదురుతుంది.

సమస్య: అనుమతి కాగితం ఉంది, అయినా చలానా పడింది

కార్పొరేషన్ చూసేది రోడ్డును, పోలీసులు చూసేది ట్రాఫిక్‌ను. 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఎక్కడ నిలపాలో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం, లేదా అది అధికారం ఇచ్చినవాళ్లు. అదీ స్థానిక సంస్థతో సంప్రదించి. అందుకని మొదటి రోజే ట్రాఫిక్ స్టేషన్‌లో అర్జీ కాపీ ఇచ్చి అక్కడా రసీదు తీసుకోండి. అనుమతి కాపీ మీ బీరువాలో ఉంటే లాభం లేదు, డ్రైవర్ దగ్గర ఉండాలి. సమయం రాసిన బోర్డు ఆఫీసువాళ్లతోనే పెట్టించుకోండి. మీరే "నో పార్కింగ్" బోర్డు, రాళ్లు, గొలుసు పెడితే అది ఆక్రమణ కిందికి వస్తుంది.

సమస్య: బండే మా షాపు. రోజూ ఆశీలు కడుతున్నాం, అయినా తీసేయమంటున్నారు

ఆశీలు రసీదు అనుమతి కాదు. రోడ్డు మీద అమ్మేవాళ్లకే కాదు, సేవలు చేసేవాళ్లకూ 2014 వీధి వ్యాపారుల చట్టం వర్తిస్తుంది. టౌన్ వెండింగ్ కమిటీ (ఆ చట్టం కింద వీధి వ్యాపారుల సంగతి చూసే కమిటీ) సర్వేలో మీ పేరు ఎక్కిందో లేదో కార్పొరేషన్‌లో చూసుకుని, వెండింగ్ సర్టిఫికెట్ అడగండి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదని ఆ చట్టమే చెబుతోంది. ఖాళీ చేయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసి ఇవ్వమనండి. రుసుము కట్టి అడిగితే, పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి.

ఇంకో మాట. బండి బాడీ కోసి స్టవ్, కౌంటర్ బిగించి ఉంటే, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించారా? లేకపోతే ముందు ఆర్టీఓ ఆఫీసు పని చూసుకోండి. కార్పొరేషన్ ఒప్పుకున్నా బండి అక్కడ ఆగిపోతుంది.

సమస్య: నిరుడు ఒప్పుకున్నారు, ఈ ఏడు వద్దంటున్నారు

కాగితం మీద గడువు తేదీ చూడండి. నేను దాన్ని ఫోటో తీసి, గడువుకు నెల ముందు మోగేలా ఫోన్లో అలారం పెట్టుకున్నాను. ఆ రోజే పాత కాగితం కాపీతో రెన్యువల్ అర్జీ ఇచ్చి వస్తాను.