అరిగిందా, అచ్చు తప్పిందా?

తిరుపతిలో చిల్లరకు కొదవా? హుండీ నాణేలు, కొబ్బరికాయల అంగట్లో గల్లాపెట్టె నాణేలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒరుసుకుని వస్తాయి. వాటిలో తేడాగా కనబడిన ప్రతిదీ, నాణేలు పోగేసేవాళ్లు వెతికే టంకశాల తప్పు కాదు. పది రెట్లు పెంచి చూపే లూప్, 0.01 గ్రాము చూపే కాటా, పక్కనుంచి పడే ఒకే ఒక్క బల్బు వెలుతురు ఉంటే చాలు, తేల్చుకోవచ్చు.

అరుగుదల ఎప్పుడూ ఎత్తైన చోటే మొదలవుతుంది: సింహాల జూలు, ముందరి సింహం ఛాతీ. అక్కడ నున్నగా, మసకగా ఉంటే చేతులు మారి అరిగినట్టే. అచ్చు గట్టిగా పడకపోయినా సింహం చదునుగానే ఉంటుంది. కానీ అక్కడ బిళ్లకు, అంటే అచ్చు పడకముందటి ఖాళీ లోహపు ముక్కకు, ముందునుంచీ ఉన్న గరుకు లూప్‌లో దొరుకుతుంది, చుట్టూ కొత్త మెరుపు చెక్కుచెదరదు.

గీత ఉబ్బెత్తుగా ఉందా, పల్లంగా ఉందా? నాణేన్ని తిప్పుతూ నీడ ఎటు పడుతుందో చూడండి. ఉబ్బితే అచ్చు పగిలి, ఆ పగుల్లోకి లోహం ఎక్కింది. పల్లమైతే ఉత్త గీరుడే.

ఎక్కువమంది బోల్తాపడేది జంట అక్షరాల దగ్గర, అంటే ఒకే అక్షరం రెండుసార్లు పడినట్టు కనబడే చోట. అక్షరం పక్కన మెట్టులా చదునుగా ఉండి, అసలు అక్షరం సన్నబడితే, అది దెబ్బపడే వేళ అచ్చు కదలడం వల్ల వచ్చింది, విలువేం ఉండదు. అచ్చే జంటగా తయారైతే రెండు గీతలూ గుండ్రంగా నిలబడి, మూలల్లో చీలికలు కనిపిస్తాయి.

అంచు కొరికినట్టుంటే తూచండి. 1992లో మొదలైన 25 మి.మీ. స్టీలు రూపాయి 4.85 గ్రాములు. బిళ్ల కోతలోనే ముక్క పోయుంటే బరువు తగ్గడమే కాదు, సరిగ్గా ఎదుటి అంచు కూడా తరచూ నీరసంగా ఉంటుంది. ఆకురాయి పెట్టినదానికి ఎదుటి అంచు నిండుగానే ఉంటుంది.

బొమ్మను నిటారుగా పట్టి పుస్తకం పేజీలా తిప్పితే బొరుసు కూడా నిటారుగా రావాలి. ఒరిగి వస్తే అచ్చు తిరిగిందన్నమాట. ఎంత అరిగినా ఇది మాత్రం రాదు.

సంవత్సరం కింద ఏ టంకశాలదో చెప్పే గుర్తు చూడండి: వజ్రం ముంబైది, నక్షత్రం హైదరాబాదుది, చుక్క నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. అరిగిన నోయిడా నాణేన్ని కోల్‌కతాదని పొరబడతారు. అంకెలు కూడా చదునైపోయుంటే గుర్తు లేదని తేల్చేయకండి.

చంద్రగిరి ఏలిన వెంకటపతిరాయల వరహాల సంగతి వేరు. సుత్తిదెబ్బతో కొట్టినవి కాబట్టి, బిళ్లమీద అక్షరాలు సగం తెగిపోవడం మామూలే, తప్పు కింద లెక్క కాదు.

పసుపు, కుంకుమ అంటిందని చింతపండుతో తోమకండి. పూజసామాను తళతళలాడుతుంది గానీ, రాగి కలిసిన నాణెం మెరుపు ఒక్కసారి పోయిందంటే మళ్లీ రాదు.