శ్రీశైలం ఘాట్ దిగే కారుకు బ్రేకులు ఎలా మార్చుకోవాలి?

పోలో జీటీ, ఆక్టేవియా వీఆర్‌ఎస్ లాంటి జోరున్న బండ్లు ఇప్పుడు నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద కూడా కనబడుతున్నాయి. కొన్నవాళ్లు ముందుగా రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి, పికప్ పెంచుతారు, తర్వాత సైలెన్సర్ మారుస్తారు. బ్రేకుల వంతు వచ్చేసరికి, చక్రంతో తిరిగే డిస్కును బిగబట్టే కాలిపర్లకు ఎర్ర రంగు కొట్టించి చేతులు దులుపుకుంటారు. ఆ రంగు వల్ల బండి అంగుళం ముందు కూడా ఆగదు.

బ్రేకు చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలు. 60లో వెళ్తూ ఆపినప్పుడు పుట్టే వేడికి 120లో ఆపితే నాలుగు రెట్లు పుడుతుంది. అయినా విజయవాడ హైవే మీద ఒక్కసారి గట్టిగా తొక్కి ఆపడానికి కంపెనీ బ్రేకులే చాలు. పొడి రోడ్డు మీద తొక్కగానే పెడల్ కింద ఏబీఎస్ (చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) కొట్టుకుంటోందంటే చక్రాన్ని బిగబట్టే బలం బ్రేకుకు ఉన్నట్టే, తక్కువైంది టైరు పట్టు. అరిగిన టైర్ల మీద ఖరీదైన డిస్కులు వేస్తామనేవాళ్లు ఆ డబ్బుతో ముందు టైర్లు కొనాలి.

అసలు పరీక్ష మన్ననూర్ చెక్‌పోస్టు దాటాక ఉంటుంది. నల్లమలలో దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగే మలుపుల్లో బ్రేకుకు చల్లారే టైము దొరకదు. అక్కడ బ్రేకు రెండు రకాలుగా మొండిచేయి చూపిస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే డిస్కును నొక్కే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలినట్టు. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే ఆయిల్ మరిగినట్టు.

రెండోదానికే భయపడాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. ఆయిల్ రకాలకు డాట్ అంకెలు ఉంటాయి. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. డాట్ 5.1కి 260, 180. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగను నొక్కడానికే ఖర్చయిపోతుంది.

అందుకే నా వరుస ఇది: ముందు ఆయిల్, తర్వాత ప్యాడ్లు, ఆ తర్వాత స్టీలు అల్లిక పైపులు, డిస్కులు వాటి వెనక. ప్యాడ్లను నెట్టే పిస్టన్లు నాలుగేసి ఉండే పెద్ద కాలిపర్ల కిట్టు సంగతి అన్నిటికన్నా చివర. దానికి రిమ్ములో చోటు సరిపోవాలి, లేకపోతే రిమ్ములూ మార్చాలి. ముందు చక్రాల బ్రేకులే పెంచితే ముందువెనకల తూకం చెడుతుంది. పిస్టన్ల వైశాల్యం పెరిగితే పాత మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది) పెడల్ ఇంకా లోతుకు పోతుంది. ఇన్ని తలనొప్పులు పడి చివరికి పాత ఆయిల్‌తోనే ఘాట్ ఎక్కేవాళ్లున్నారు.

చిల్లుల డిస్కులు వద్దు. చూడ్డానికి బాగుంటాయి కానీ వేడికి ఆ చిల్లుల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. గాడుల డిస్కులు పర్వాలేదు. నేనైతే మధ్యలో గాలి ఆడే మామూలు వెంటిలేటెడ్ డిస్కే వేస్తాను. రేసు ప్యాడ్లు కూడా వద్దు. చల్లగా ఉన్నప్పుడు వాటికి పట్టు తక్కువ, పొద్దున్నే క్లాక్ టవర్ సెంటర్ ట్రాఫిక్‌లో మీకు కావలసింది చల్లటి పట్టే. ఫెరోడో, ఈబీసీ లాంటి కంపెనీల రోడ్డు రకం ప్యాడ్లు సరిపోతాయి.

సామాన్లు, విప్పడం

జాకీ, రెండు జాకీ స్టాండ్లు, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి, రింగు పానాలు, వైరు బ్రష్, బ్రేక్ క్లీనర్, సీలు తీయని డాట్ 4 డబ్బా, సన్నటి పారదర్శక పైపు, సీసా. ఇటుకల మీద బండి నిలబెట్టి కింద చేతులు పెట్టేవాళ్లతో నాకు మాటల్లేవు.

గట్టి నేల మీద వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, చక్రం బోల్టులు కాస్త వదులు చేసి, బండి ఎత్తి స్టాండ్ల మీద దించండి. చక్రం తీసి, కాలిపర్ విప్పి, తీగతో స్ప్రింగుకు వేలాడదీయండి. పైపు మీద బరువు పడనివ్వొద్దు. డిస్కు మారుస్తుంటే డిస్కు కూర్చునే హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో తుప్పు లేకుండా గీకాలి. ఇది చేయకుండా కొత్త డిస్కు బిగిస్తే అది వాలుగా కూర్చుంటుంది. కొన్నాళ్లకు స్టీరింగ్ వణుకుతుంది, డిస్కు వంకర పోయిందని షాపువాడితో లొల్లి పెట్టుకుంటారు. పిస్టన్ వెనక్కి నెట్టేటప్పుడు బ్లీడింగ్ నిప్పల్ (కాలిపర్ నుంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) తెరిచి నెట్టండి, మురికి ఆయిల్ ఏబీఎస్ యూనిట్‌లోకి పోకుండా బయటికి వస్తుంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న బండి వెనక కాలిపర్లను సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా ముట్టుకోవద్దు. కాలిపర్ అటూ ఇటూ జరిగే గైడ్ పిన్నులకు బ్రేకుల కోసం చేసిన గ్రీజే రాయండి. పైపులు మార్చితే, పైపు కొసను కాలిపర్‌కు బిగించే బాంజో బోల్టుకు రెండువైపులా కొత్త వాషర్లు వేసి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి పైపు ఎక్కడా రాసుకోవట్లేదని చూడండి.

ఎయిర్ తీయడం

పైపుల్లో దూరిన గాలిని బయటికి తీసే పని ఇది. ఇక్కడ జర నిదానం. బ్రేకుల పని చెడేది నూటికి తొంభైసార్లు ఇక్కడే.

మొదట నిప్పల్ ఎక్కడుందో చూడండి. అది కాలిపర్‌కు పైవైపు ఉండాలి, గాలి పైకే చేరుతుంది కాబట్టి. కుడి ఎడమలు మారిస్తే కొన్ని కాలిపర్లు చక్కగా కూర్చుంటాయి, కానీ నిప్పల్ కిందికి వస్తుంది. అలా బిగించాక ఎన్ని డబ్బాల ఆయిల్ పోసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది. ఆ సంగతి చూడకుండా మాస్టర్ సిలిండర్ పోయిందని కొత్తది అమ్మిన షెడ్లు ఉన్నాయి.

రెండోది వరుస. యూట్యూబ్‌లో చాలా విదేశీ వీడియోలు కుడి వెనక చక్రంతో మొదలుపెడతాయి. వాళ్ల స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, మాస్టర్ సిలిండర్ కూడా అటే, కాబట్టి దానికి దూరం కుడి వెనక చక్రం. మన బండ్లలో సాధారణంగా సిలిండర్ కుడివైపు ఉంటుంది. అంటే ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. మీ బండి మాన్యువల్ వేరే వరుస చెబితే మాన్యువల్‌దే పైమాట.

పెడల్ దగ్గర చెప్పినమాట వినే మనిషిని కూర్చోబెట్టండి. ఫోన్ పక్కన పెట్టించండి. పారదర్శక పైపు ఒక కొస నిప్పల్‌కు తొడిగి, రెండో కొస సీసాలో కొంచెం ఆయిల్ పోసి దాంట్లో ముంచండి. ఇగ మాటలు ఇట్లనే నడవాలి:

"తొక్కు తమ్మీ."

"తొక్కి పట్టుకున్న అన్నా."

అప్పుడే నిప్పల్‌ను పావు చుట్టు విప్పాలి. పెడల్ కిందికి దిగుతుంది, ఆయిల్ బుడగలతో వస్తుంది.

"దిగిందన్నా."

"కాలు తీయకు. బిగించిన. ఇప్పుడు వదులు."

నిప్పల్ బిగించకముందే కాలు తీస్తే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది, చేసిన పనంతా ఆగమవుతుంది. అందుకే "వదులు" అనే మాట నిప్పల్ దగ్గరున్నవాడి నోటి నుంచే రావాలి, పైనున్నవాడు సొంత తెలివి చూపొద్దు. పాత బండి అయితే పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. రోజూ వాడకంలో పెడల్ అట్టడుగు దాకా పోదు, సిలిండర్ లోపల ఆ భాగంలో తుప్పు, మురికి పేరుకుంటుంది. సీలు అక్కడిదాకా వెళ్లి గీరుకుపోతే నిజంగానే కొత్త సిలిండర్ కొనాల్సి వస్తుంది.

నాలుగైదు తొక్కుళ్లకోసారి బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ఆయిల్ మట్టం కనీస గీత కిందికి పోకూడదు. డబ్బా ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి దూరిందంటే పెడల్ తొక్కి తీయడం కష్టం, స్కానర్‌తో పంపును నడిపించి తీయాలి. ఆ స్కానర్ ఉన్న షెడ్డు కోసం బండిని ట్రక్కు మీద పంపాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఆయిల్ కొత్త రంగులో, బుడగ లేకుండా వచ్చేదాకా ఆపొద్దు. మొండి బుడగలు ఉంటే కాలిపర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. నిప్పల్‌ను బలం కొద్దీ బిగించకండి, విరిగితే కాలిపర్ పోయినట్టే. సీసాలోకి వచ్చిన ఆయిల్ తిరిగి పోయడం మహాపాపం. డాట్ 5 అని రాసి ఉన్న సిలికాన్ ఆయిల్ ఇందులో కలపకూడదు, 5.1 వేరు, 5 వేరు. రంగు మీద ఆయిల్ చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటును తినేస్తుంది.

ఇంజిన్ ఆపి పెడల్ కొట్టి చూడండి, రాయిలా నిలబడాలి. తొక్కి పట్టుకుని స్టార్ట్ చేస్తే కొంచెం దిగి ఆగాలి. అర నిమిషం అలాగే తొక్కి ఉంచండి. నెమ్మదిగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, బండి కదపొద్దు. ఇంకొకటి: ప్యాడ్లు మార్చాక మొదటి తొక్కుకు పెడల్ కిందికి పోతుంది, పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటుంది కాబట్టి. గేటు దాటకముందే పంపు చేయండి. ఇది మరిచి గోడకు గుద్దినవాళ్లున్నారు.

ప్యాడ్లు పట్టించడం

చక్రం బోల్టులు టార్క్ రెంచితో బిగించాలి. పోలోకు 120 న్యూటన్ మీటర్లు. తెల్లవారాక ఖాళీ రోడ్డుకు వెళ్లండి. వరి కోతల కాలంలో మిర్యాలగూడ వైపు రోడ్లు వద్దు, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. వెనక బండి లేదని చూసుకుని, కొత్త ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేలా 60 నుంచి 10 దాకా ఓ మోస్తరుగా ఎనిమిది, పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. కాలిన వాసన రావడం మామూలే. తర్వాత పది నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లార్చండి. వేడి మీద పెడల్ తొక్కి నిలబడితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద అంటుకుంటుంది. ప్యాడ్ కంపెనీ పద్ధతి వేరైతే అదే చేయండి.

ఇంటికి వచ్చి వెంటనే నీళ్లు కొట్టొద్దు. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం బోల్టులు మళ్లీ చూడండి, ఆయిల్ మార్చిన తేదీని పెన్నుతో బానెట్ కింద రాసి పెట్టండి. రెండేళ్లకోసారి మార్చాలి, ఘాట్లు ఎక్కువ తిరిగే బండికి ఏడాదికే. ఘాట్‌లో రెండో గేరు, మూడో గేరు వేసి ఇంజిన్‌తోనే వేగం పట్టుకోండి, బ్రేకు మలుపు ముందు మాత్రమే వాడండి.